దుబాయ్ అప్పు, ఊర్ల ఇల్లు: ఏ దేశపు చట్టం ఎక్కడిదాకా వస్తది?

కమలాపూర్_తమ్ముడు

అందరికీ నమస్తే. ఈడ వకీళ్ళు, లా చదివేటోళ్ళు ఉన్నరని రాస్తున్న, జర ఓపికతోని చదవుండ్రి. మా బావ, అంటే మా అక్క వాళ్ళాయన, దుబాయ్‌ల ఒక కంపెనీల సూపర్‌వైజర్‌గ చేసేటోడు. జీతం మంచిగుండె, ఆ ధైర్యంతోని అక్కడి ఒక బ్యాంకుల పర్సనల్ లోన్ తీసుకొని ఊర్ల ఇల్లు కట్టిండు, చెల్లె పెండ్లి చేసిండు. తర్వాత కంపెనీ మూతబడ్డది, జీతాలు ఆగినయ్, వీసా క్యాన్సిల్ చేసి టికెట్ చేతులపెట్టి పంపిచ్చిండ్రు. కిస్తీలు ఆడికే ఆగినయ్. ఇప్పుడు రోజూ ఫోన్లు. ఒకలు బ్యాంకు అంటరు, ఇంకొకలు లీగల్ డిపార్ట్‌మెంట్ అంటరు, ఇంటర్‌పోల్ వస్తది, మన పోలీసులే పట్టుకపోయి దుబాయ్ పోలీసులకు అప్పజెప్తరు, ఇల్లు వేలం వేస్తం అని బెదిరిస్తుండ్రు. నిన్న వాట్సాప్‌ల ఒక కాయితం పంపిండ్రు, దాని మీద భూగోళం బొమ్మ, రెడ్ నోటీస్ అని రాసి ఉన్నది. అక్క అన్నం సరిగ తింటలేదు.

నేను అడిగేది ఏందంటే దుబాయ్ చట్టం మన ఊరిదాకా వస్తదా? అప్పు కట్టకుంటే జైలేనా? బావ ఎగ్గొట్టే మనిషి కాదు, కడుత అంటుండు, కాని ఎంత కట్టాలె ఎవలికి కట్టాలె అన్నదే తెలుస్తలేదు.

హుజూరాబాద్_శీను

ఏం ఫికర్ జెయ్యకు తమ్మీ. దుబాయ్ కోర్టు తీర్పు ఇండియాల నడవది. మా దోస్తులు మస్తుమంది అట్లనే వచ్చిండ్రు, సిమ్ము మార్చిండ్రు, గంతే. ఫోన్ ఎత్తకు.

సుబేదారి_లా

శీనన్నా, నడవదు అన్న మాట 2020 దాటినంక అనలేం. దాని సంగతి నల్లకోటు సార్ వచ్చి చెప్తె బాగుంటది, ట్యాగ్ చేసిన.

తమ్మీ, ముందు నువ్వు రెండు సంగతులు విడదీసుకోవాలె, సివిల్ వేరు క్రిమినల్ వేరు. అప్పు తీసుకొని కట్టలేకపోవుడు సివిల్. దొంగ కాయితాలు పెట్టి అప్పు తీసుకుంటే అది మోసం, క్రిమినల్. ఫోన్ల బెదిరిచ్చేటోళ్ళు ఈ రెండిటిని కావాలని కలిపి మాట్లాడుతరు, ఎందుకంటే ఇంట్ల ఆడవాళ్ళకు పోలీసు అన్న మాటకే గుండె ఆగుతది.

రెడ్ నోటీస్ సంగతి చూస్తే, ఇంటర్‌పోల్ అనేది అరెస్టులు చేసే పోలీసు కాదు, దేశాల పోలీసులు ఒకలకొకలు సమాచారం ఇచ్చుకునే సంస్థ. రెడ్ నోటీస్ అంటే ఫలానా మనిషి మా దగ్గర నేరం కేసుల కావాలె, దొరికితే ఆపి చెప్పుండ్రి అని ఒక దేశం మిగతా దేశాలకు చేసుకునే విన్నపం. మన దేశంల దాన్నే అరెస్టు వారంట్ లెక్క చూడరు. ఇంటర్‌పోల్‌తోని మాట్లాడేది ఢిల్లీల సీబీఐ, వాట్సాప్‌ల రికవరీ ఏజెంట్ కాదు. ఇంకో ముఖ్యమైన ముచ్చట, ప్రైవేటు లావాదేవీల తగాదాలకు రెడ్ నోటీస్ ఇయ్యొద్దని ఇంటర్‌పోల్ సొంత నిబంధనల్లనే ఉన్నది. కాబట్టి ఆ కాయితం నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు దొంగ కాయితం. దాన్ని డిలీట్ చెయ్యకు, స్క్రీన్‌షాట్, నంబర్, టైము అన్ని పెట్టుకో. బెదిరింపు భారతీయ న్యాయ సంహిత 351 కిందికి వస్తది, బెదిరిచ్చి పైసలు గుంజుడు 308 కిందికి. సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కూడ చెప్పొచ్చు.

మెట్‌పల్లి_మల్లన్న

నేను దుబాయ్, షార్జాల చాన ఏండ్లు పనిచేసి వచ్చిన. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకోళ్ళు మొత్తానికి ఒక సెక్యూరిటీ చెక్కు మీద సంతకం తీసుకుంటరు, తేదీ రాయరు. ఇంతకుముందు ఆ చెక్కు బౌన్స్ అయితె పోలీసు కేసు, జైలు. గదానికి భయపడి మావోళ్ళు ఎంతమంది బిల్డింగుల మీదికెళ్ళి దుంకిండ్రో ఉరేసుకున్నరో, నేను కండ్లార చూసిన. అక్కడ చట్టం మారింది, 2022 జనవరి 2 నుంచి ఖాతల పైసలు లేక చెక్కు తిరిగొస్తె అది నేరం కాదు. కాని బ్యాంకు ఆ చెక్కునే పట్టుకొని సీద అమలు జడ్జి దగ్గరికి పోవచ్చు, మళ్ళ మొదటికెళ్ళి దావా వెయ్యాల్సిన పని లేదు. మోసం చేసే ఉద్దేశంతోని చెక్కు ఇస్తె మాత్రం ఇప్పటికీ నేరమే.

ఇంకోటి, కేసు పెండింగ్ ఉంటె ట్రావెల్ బ్యాన్ పడుతది. మళ్ళ దుబాయ్ పోదామని ఎక్కిండనుకో, ఎయిర్‌పోర్టులనే ఆపుతరు. కొత్త వీసా అని ఏజెంట్ ఆశ పెడితె పోవద్దని మీ బావకు గట్టిగ చెప్పు. ముందు కేసు ఉన్నదా లేదా అక్కడ తెలిసినోళ్ళతోని కనుక్కోవాలె.

నల్లకోటు_వరంగల్

ట్యాగ్ చూసి వచ్చిన. కొంచెం పెద్దగ రాస్త, ఎందుకంటే ఈ విషయంల సగం తెలిసి నష్టపోయిన కుటుంబాలను జిల్లా కోర్టుల చూస్తనే ఉన్న.

శీను అన్నట్టు సిమ్ము మార్చి కూర్చునే కాలం పోయింది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌ల, సీపీసీ అంటం, సెక్షన్ 44ఎ అని ఉన్నది. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌ల ఏ దేశాన్నైతె పరస్పర అమలు దేశం అని ప్రకటిస్తదో, ఆ దేశపు కోర్టు ఇచ్చిన డబ్బు డిక్రీని, అంటె ఇంత కట్టాలె అన్న తీర్పు ఉత్తర్వును, నేరుగ మన జిల్లా కోర్టుల దాఖలు చెయ్యొచ్చు, ఇక్కడి కోర్టే ఇచ్చిన డిక్రీ లెక్క అమలైతది. బ్రిటన్, సింగపూర్, మలేషియా ఎప్పటి నుంచో ఉన్నయి. యుఎఇని 2020 జనవరి 17న చేర్చిండ్రు, దుబాయ్ కోర్టులు, అబుదాబి కోర్టులు అన్ని అందుల ఉన్నయి. అమెరికా ఇప్పటికీ లేదు. అసొంటి దేశాల తీర్పు అయితె దాన్ని ఆధారం చేసుకొని ఇక్కడ కొత్తగ దావా వెయ్యాలె, అదికూడ తీర్పు వచ్చిన 3 ఏండ్ల లోపల.

కాని 44ఎ అంటే కండ్లు మూసుకొని అమలు కాదు. డిక్రీ సర్టిఫైడ్ కాపీ పెట్టాలె, ఎంత వసూలైంది ఎంత కాలేదు అని అక్కడి కోర్టు సర్టిఫికెట్ పెట్టాలె. జుర్మానాలు, పన్నులు దీని కింద వసూలు చెయ్యరాదు. ఇగ మీ బావకు అడ్డు పెట్టుకునేది సెక్షన్ 13. ఆ కోర్టుకు అధికార పరిధి లేకపోయినా, కేసు మంచిచెడ్డలు చూడకుంట తీర్పు ఇచ్చినా, సహజ న్యాయం తప్పినా అంటే నోటీసు అందలేదు మాట వినలేదు అన్నమాట, మోసంతోని తీర్పు తెచ్చుకున్నా, మన చట్టానికి విరుద్ధమైన దావా అయినా ఇక్కడి కోర్టు దాన్ని ఆపుతది. మనిషి హాజరు కాలేదు కాబట్టి ఎక్స్‌పార్టీ, అంటె ఒక్క పక్కనే విని ఇచ్చిన తీర్పు, కాబట్టి చెల్లదు అని మాత్రం అనుకోవద్దు. హాజరు కాకపోయినా సాక్ష్యం చూసి తీర్పు రాస్తె అది చెల్లుతది, సుప్రీంకోర్టు చెప్పింది.

తమ్మీ, అసలు డిక్రీ వచ్చిందా? అది తెలువకుంట మనం ఎంత మాట్లాడినా గాలిలనే. ఫోన్ల కాదు, కోర్టు ముద్రతోని ఏమన్న వచ్చిందా?

కమలాపూర్_తమ్ముడు

సార్ చాన థ్యాంక్స్. కోర్టు కాయితం అయితె ఇంతవరకు రాలె, వాట్సాప్‌వే. ఒకవేళ వచ్చిందనుకుందాం సార్, ఇల్లు పోతదా? బాపు పేరు మీద రెండెకరాలు పొలం ఉన్నది, అక్క మెడల పుస్తెలతాడు గిట్ల కూడ తీస్కపోతరని బెదిరిచ్చిండ్రు. మనిషిని అప్పజెప్తరు అన్నదానికి కూడ చెప్పండి.

నల్లకోటు_వరంగల్

పుస్తెల మాట ముందు చెప్త, ఇంట్ల అమ్మలకు చదివి వినిపించు. సెక్షన్ 60ల జప్తు చెయ్యగూడని వస్తువులు రాసి ఉన్నయి. కట్టుకునే బట్టలు, వంట పాత్రలు, పడుకునే మంచం పరుపు, మత ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీదికెళ్ళి తియ్యగూడని ఆభరణాలు. పుస్తెలు, మెట్టెలు అండ్లకే వస్తయి. కూలి చేసుకునేటోని పనిముట్లు, రైతు ఎడ్లు, నాగలి, విత్తనాలు కూడ ముట్టరాదు. వ్యవసాయం చేసుకొని బతికేటోడు ఆ ఇంట్లనే ఉంటే ఆ ఇంటికి కూడ రక్షణ ఉన్నది. మీ బావ ఇప్పుడు ఏం పని చేస్తుండు, ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నది అన్నదాన్ని బట్టి ఉంటది, అది చూడకుంట నేను మాట ఇయ్యను.

బాపు పొలం బాపుది. ఎవల బాపు, మీ బావ వాళ్ళ బాపే గదా? ఆయన గ్యారంటీ సంతకం పెట్టకుంటె, సొంతంగ సంపాదించుకున్న భూమైతె కొడుకు అప్పుకు దాన్ని తాకలేరు. పిత్రార్జితం ఉమ్మడి ఆస్తి అయితె కొడుకు వాటా వరకే ప్రశ్న వస్తది.

జైలు సంగతి. డబ్బు డిక్రీ కట్టలేదని సివిల్ జైలుకు పంపే వీలు మన కోడ్‌ల ఉన్నది గాని, 1980ల జాలీ జార్జ్ వర్గీస్ కేసుల జస్టిస్ కృష్ణయ్యర్ ఏం చెప్పిండంటె, చేతుల లేక కట్టలేనోన్ని జైల్లెయ్యరాదు, కట్టే స్తోమత ఉండి దుర్బుద్ధితోని ఎగ్గొడుతుండని రుజువైతెనే. ఆడవాళ్ళను డబ్బు డిక్రీ కోసం అసలే అరెస్టు చెయ్యరాదు, సెక్షన్ 56.

మనిషిని అప్పజెప్పుడు అంటె నేరస్తుల అప్పగింత, దానికి మన 1962 చట్టం ఉన్నది, యుఎఇతోని 1999ల ఒప్పందం అయింది. రెండు దేశాలల్ల కూడ ఆ పని నేరం అయి ఉండాలె. వట్టి బాకీకి అప్పగింత ఉండది. పైగ ఆ ఒప్పందం ప్రకారం ఏ దేశం తన పౌరున్ని తాను అప్పజెప్పది, నిజంగ నేరం ఉంటె ఇక్కడనే విచారణకు పెడుతది. ఇంటి ముందటికి దుబాయ్ పోలీసు వచ్చుడు అనేది చట్టంల లేని ముచ్చట.

గ్రూప్స్_లక్ష్మి

సార్, నేను గ్రూప్ 1 కి చదువుతున్న హన్మకొండల, ఈ థ్రెడ్ చూసి ఒక డౌట్ అడగాలనిపించింది, టాపిక్ పక్కకు పోతె ఏమనుకోవద్దు. యుఎఇ చట్టం, ఇంటర్‌పోల్, అప్పగింత ఒప్పందం ఇవన్ని కలిపి అంతర్జాతీయ చట్టం అనొచ్చా? ఇంకా, మన ప్రభుత్వం ఒక ఒప్పందం మీద సంతకం పెడితె అది తెల్లారి నుంచే ఇక్కడ చట్టం అయితదా?

సుబేదారి_లా

పక్కకు పోలేదు లక్ష్మక్కా, తమ్ముని ప్రశ్నకు వేరు అక్కడనే ఉన్నది.

యుఎఇ చట్టం అంతర్జాతీయ చట్టం కాదు, అది ఆ దేశపు దేశీయ చట్టం. మనకు విదేశీ చట్టం, గంతే. దేశాలు దేశాలతోని ఎట్ల నడుచుకోవాలె అనేది పబ్లిక్ ఇంటర్నేషనల్ లా, ఒప్పందాలు, దేశాలన్ని కట్టుబడుతున్న ఆచారాలు, ఐక్యరాజ్యసమితి చార్టర్ ఇవన్ని. రెండు దేశాలతోని సంబంధం ఉన్న మనుషుల తగాదల ఏ దేశం కోర్టు వినాలె, ఏ దేశం చట్టం పెట్టి వినాలె, ఆ తీర్పు ఇంకో దేశం ఒప్పుకోవాల్నా అనేది ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా. తమ్ముని బావ కేసు ఈ రెండోది. పేరుకు అంతర్జాతీయం గాని, చూసినవ్ గదా, జవాబులన్ని మన సీపీసీలనే దొరికినయ్.

రెండో ప్రశ్నకు, మన దగ్గర సంతకంతోనే చట్టం కాదు. భూమి కొనేటప్పుడు అగ్రిమెంట్ రాసుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ అయినట్టు కాదు గదా, అట్ల. ఒప్పందం దేశానికి దేశానికి మధ్య కట్టుబాటు. ఇక్కడ మనుషుల హక్కులు మార్చాలంటె పార్లమెంట్ చట్టం చెయ్యాలె. ఆర్టికల్ 253 ఆ అధికారం ఇస్తది, విషయం రాష్ట్ర జాబితల ఉన్నా సరే ఒప్పందం అమలు కోసం పార్లమెంట్ చట్టం చెయ్యొచ్చు. ఆర్టికల్ 51 అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించాలని చెప్తది గాని అది ఆదేశిక సూత్రం, కోర్టుకు పోయి అమలు చేపియ్యలేం.

మంచి ఉదాహరణ బంగ్లాదేశ్ సరిహద్దు. భూమి వేరే దేశానికి ఇయ్యాలంటె రాజ్యాంగ సవరణ కావాలె అని ఆ సరిహద్దుల ఉన్న బెరుబరి అనే ప్రాంతం విషయంల 1960లనే సుప్రీంకోర్టు చెప్పింది. 1974ల ఒప్పందం అయితె, 100వ సవరణ వచ్చి పూర్తిగ అమలయ్యేటాలకు 2015 అయింది. 40 ఏండ్లు ఆ ఎన్‌క్లేవుల, అంటె చుట్టూ వేరే దేశం ఉన్న భూమి ముక్కల జనం ఏ దేశపోళ్ళో తెల్వకుంట బతికిండ్రు, నాకు అది తల్చుకుంటె ఇప్పటికీ బాధయితది.

చట్టం లేని కాడ మాత్రం కోర్టు ఒప్పందాన్ని పట్టుకొని దారి చూపెట్టొచ్చు. 1997 విశాఖ తీర్పు అట్లనే వచ్చింది, మహిళల వివక్ష మీది అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆధారం చేసుకొని పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది కోర్టు, పార్లమెంట్ చట్టం 2013ల గాని రాలే. పైన సార్ చెప్పిన కృష్ణయ్యర్ తీర్పుల కూడ అంతే, ఒప్పందం మాట నిలబెట్టుకోలేనందుకే ఎవర్నీ జైల్లెయ్యొద్దని ఒక అంతర్జాతీయ ఒడంబడిక ఉన్నది, మన దేశం 1979ల అండ్ల చేరింది. అది నేరుగ మన చట్టం కాదని ఆయన సాఫ్‌గ చెప్పి, మన సీపీసీల డిక్రీ అమలు చేసే సెక్షన్ 51నే దానికి తగ్గట్టు అర్థం చేసిండు.

గ్రూప్స్_లక్ష్మి

చాన క్లియర్‌గ ఉన్నది. ఐసీజే అంటె అంతర్జాతీయ న్యాయస్థానం, ఐసీసీ అంటె అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, రెండు నెదర్లాండ్స్‌ల ది హేగ్‌లనే ఉంటయి గదా, ఎప్పుడు కన్ఫ్యూజ్ అయిత.

సుబేదారి_లా

ఐసీజేల దేశాలే వాది ప్రతివాదులు, మనిషి పోలేడు, అదికూడ ఆ దేశం ఒప్పుకుంటెనే. ఐసీసీల మనుషుల మీద విచారణ, జాతి హననం, యుద్ధ నేరాలు అసొంటివి. మన దేశం ఐసీసీల చేరలేదు.

సిరిసిల్ల_నేతన్న

మీరందరు అప్పు మీద మాట్లాడుతుండ్రు, నేను జైల్ల ఉన్నోళ్ళ మీద మాట్లాడుత. మా సిరిసిల్ల దిక్కు తెల్వనోళ్ళు లేరు, దుబాయ్‌ల 2005ల ఒక నేపాల్ మనిషి హత్య కేసుల మావోళ్ళు ఇరుక్కుని శిక్ష పడ్డది. అక్కడి చట్టంల చనిపోయినోళ్ళ కుటుంబం క్షమిస్తె శిక్ష తగ్గుతది, దియా అంటరు, రక్తపు పరిహారం. కేటీఆర్ నేపాల్ పోయి ఆ కుటుంబానికి 15 లక్షలు అందజేసిండు. క్షమాపణ పత్రం దొరికినంక కూడ ఏండ్లకేండ్లు పట్టింది, 2024ల ఇంటికి చేరిండ్రు, పిల్లలు పుట్టినప్పుడు పోయినోళ్ళు పిల్లలు పెద్దగైనంక వచ్చిండ్రు. నా బాధ ఏందంటె అరెస్టయిన మొదటి దినాలల్ల ఆ మనిషికి ఆ భాష రాదు, ఏ కాయితం మీద సంతకం పెడుతుండో తెల్వది. అంతర్జాతీయ చట్టం అనేది ఉంటె గప్పుడు గదా పనికిరావాలె? ఉన్నదా అసొంటిది?

నల్లకోటు_వరంగల్

ఉన్నది నేతన్నా, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. 1963 వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందం, ఆర్టికల్ 36. వేరే దేశపు మనిషిని పట్టుకుంటె, మీ కాన్సులేట్‌కు చెప్పాల్నా అని ఆయనను ఆలస్యం లేకుంట అడగాలె, ఆయన చెప్పమంటె కాన్సులేట్‌కు కబురు చెయ్యాలె, కాన్సులేట్ ఆఫీసర్ జైలుకు పోయి మాట్లాడొచ్చు, వకీల్‌ను పెట్టొచ్చు. మన దేశం ఇదే హక్కు మీద, పాకిస్తాన్ ఉరిశిక్ష వేసిన కులభూషణ్ జాదవ్ కేసుల ఐసీజేకు పోయి 2019 జులై 17న గెలిచింది, 15 మంది జడ్జీలు ఒక దిక్కు, ఒక్క జడ్జి ఇంకో దిక్కు. ఆయనను విడిచిపెట్టుమని మాత్రం ఐసీజే అనలేదు, ఉరిని ఆపి కేసును మళ్ళ పరిశీలించాలె, కాన్సులర్ సాయం అందనియ్యాలె అన్నది.

దీనికి పరిమితి కూడ తెలుసుకోవాలె. మెక్సికో 2004ల ఐసీజేల అమెరికా మీద ఇదే ఆర్టికల్ కింద గెలిచింది, అయినా 2008ల అమెరికా సుప్రీంకోర్టు, కాంగ్రెస్ అంటె అక్కడి పార్లమెంట్ చట్టం చెయ్యంది ఐసీజే తీర్పు మా రాష్ట్రాల కోర్టులను కట్టెయ్యదు అన్నది. ఒప్పందం మీద సంతకంతోనే చట్టం కాదని ఇందాక సుబేదారి పిల్లగాడు చెప్పిన సంగతే, మన దగ్గరనే కాదు అక్కడ కూడ.

కుటుంబానికి నేను చెప్పేది, అరెస్టు వార్త తెలిసిన దినమే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌ల ఫిర్యాదు పెట్టాలె, పాస్‌పోర్ట్ నంబర్, ఏ ఊరి జైలు, ఏ తేదీ అన్ని రాసి. పేదోళ్ళకు వకీల్ ఖర్చు పెట్టడానికి రాయబార కార్యాలయాలల్ల భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్నది, దాన్ని పేరు పెట్టి అడగాలె. అడగంది ఎవరు ఇయ్యరు.

శిక్ష పడ్డోన్ని మన దేశం జైలుకు తెచ్చుకునే దారి కూడ ఉన్నది. 2003ల ఖైదీల స్వదేశ బదిలీ చట్టం వచ్చింది, యుఎఇతోని, సౌదీతోని ఒప్పందాలు ఉన్నయి. అప్పీలు పెండింగ్ ఉండగూడదు, ఉరిశిక్ష అయి ఉండగూడదు, మామూలుగ ఇంకా 6 నెలలన్న శిక్ష మిగిలి ఉండాలె, ఖైదీ ఒప్పుకోవాలె, రెండు దేశాలు ఒప్పుకోవాలె. శిక్ష మాఫీ కాదు, మిగిలింది ఇక్కడ అనుభవించుడు. కాని తల్లి పోయి కొడుకు మొఖం చూసుకుంటది, అది చిన్న విషయం కాదు.

మెట్‌పల్లి_మల్లన్న

సార్ చెప్పింది నూరుపాళ్ళు. ఖల్లివెల్లి అయినోళ్ళు, అంటె వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌ను ఇడిసిపెట్టి బయట పనిచేసుకునేటోళ్ళు, రాయబార కార్యాలయం దగ్గరికి పోతె పట్టిస్తరని భయపడుతరు. పట్టియ్యరు. పాస్‌పోర్ట్ లేనోళ్ళు ఇంటికి వచ్చెటందుకు ఔట్‌పాస్ కాయితం ఇచ్చేది వాళ్ళే.

కాజీపేట_అమ్మ

బాబూ, మా బిడ్డకు ఇక్కడనే హిందూ పద్ధతిల పెండ్లి చేసినం. అల్లుడు అమెరికా. ఆర్నెల్లు తీస్కపోయి మళ్ళ పండుగకని పంపిచ్చి, ఇప్పుడు అక్కడి కోర్టుల విడాకులు తీసుకున్న అని ఈమెయిల్‌ల కాయితం పెట్టిండు. మా బిడ్డ అక్కడి కోర్టుకు పోలేదు, వకీల్‌ను పెట్టలేదు. విడాకులు అయినట్టేనా? నా బిడ్డ పరిస్థితి ఏంది?

నల్లకోటు_వరంగల్

అమ్మా, ధైర్యంగ ఉండుండ్రి. మీ బిడ్డ అసొంటి కేసే సుప్రీంకోర్టుకు పోయింది, అదికూడ మన తెలుగోళ్ళదే. తిరుపతిల పెండ్లయింది, భర్త అమెరికాల మిస్సోరి రాష్ట్రపు కోర్టుల విడాకులు తెచ్చుకున్నడు. 1991ల సుప్రీంకోర్టు, నరసింహారావు వర్సెస్ వెంకటలక్ష్మి కేసు, ఆ విడాకులు ఇక్కడ చెల్లవు అన్నది. పెండ్లి ఏ చట్టం కింద అయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం ఉండాలె. భార్య ఆ దేశంల స్థిరంగ ఉంటున్నా, తనంతట తాను హాజరై వాదించినా, ఒప్పుకున్నా అప్పుడు లెక్క వేరే. కలిసి బతుకలేకపోతున్నం అని ఒకలు అనంగనే విడాకులిచ్చే కారణం అక్కడ ఉంటది, మన హిందూ వివాహ చట్టంల అది కారణం కాదు.

అందుకని అక్కడికెళ్ళి ఏ ఫారం వచ్చినా వకీల్‌కు చూపెట్టంది సంతకం పెట్టొద్దు, ఈమెయిల్‌ల సరే అని కూడ రాయొద్దు. అది ఒప్పుకున్నట్టు వాడుకుంటరు. భరణం, వేధింపుల కేసు ఇక్కడనే వెయ్యొచ్చు. అక్కడ జరిగిన వేధింపులకు విచారణ జరగాలంటె కేంద్రం అనుమతి కావాలె, అది ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, బీఎన్‌ఎస్‌ఎస్, 208. కాని ఎఫ్ఐఆర్‌కు, దర్యాప్తుకు అనుమతి అక్కరలేదు, 2011ల తోట వెంకటేశ్వర్లు కేసుల చెప్పిండ్రు, అది బోట్స్‌వానాల జరిగిన వేధింపుల కేసు. ఇక్కడ కట్నం అడిగిన దానికైతె ఏ అనుమతి అక్కరలేదు.

పిల్లలు ఉన్నరా అమ్మా? ఉంటె వేరేగ మాట్లాడాలె. పిల్లల అపహరణ మీది 1980 హేగ్ ఒప్పందంల మన దేశం లేదు, మన కోర్టులు పిల్ల బాగు ఎక్కడ అన్నదే మొదలు చూస్తయి, అక్కడి కోర్టు ఆర్డర్‌ను ఒక అంశంగ మాత్రమే తీసుకుంటయి.

కాజీపేట_అమ్మ

పిల్లలు లేరు సార్. సంతకం పెట్టుమని ఒక కాయితం నిజంగనే వచ్చింది, బిడ్డ ఇంకా పెట్టలే. ఇగ పెట్టది. వకీల్ ఫీజుకు మాకు కష్టమే.

సుబేదారి_లా

అమ్మా, ఆడవాళ్ళకు ఆదాయంతోని సంబంధం లేకుంట ఉచిత వకీల్ వస్తరు, 1987 న్యాయ సేవల చట్టం కింద. కోర్టు కాంప్లెక్స్‌లనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటది, తెల్ల కాయితం మీద దరఖాస్తు రాసిస్తె చాలు. ఫోన్ అయితె 15100.

హుజూరాబాద్_శీను

సార్ ఒకటి అడుగుత. మా వాడకట్టు పోరన్ని ఏజెంట్ లక్షన్నర తీసుకొని విజిట్ వీసా మీద పంపిండు, అక్కడ పని లేదు ఏం లేదు, తిరిగొచ్చిండు. పోలీస్ స్టేషన్‌ల కేంద్ర ప్రభుత్వం పర్మిషన్ కావాలె అని తిప్పుతుండ్రట.

నల్లకోటు_వరంగల్

శీనూ, ఇది అందరు రాసిపెట్టుకోవాలె. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంట్ మనుషులను పంపుడే నేరం. ఉన్నోడు కూడ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోరాదు. ఆ చట్టం కింద కేసుకు కేంద్రం అనుమతి కావాలె అన్నది నిజమే, కాని సెక్షన్ 27లనే మినహాయింపు ఉన్నది. మోసపోయిన మనిషే గాని, ఆయన తరఫున తల్లిదండ్రులు, భార్య, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు, పిల్లలు గాని ఫిర్యాదు ఇస్తె ఏ అనుమతి అక్కరలేదు. పోరన్ని స్వయంగ సంతకం పెట్టి ఇయ్యమను. దాంతోపాటు మోసం కింద భారతీయ న్యాయ సంహిత 318 కూడ పెట్టొచ్చు, దానికి అనుమతి ముచ్చటే లేదు. మా ఏరియా కాదు అంటె జీరో ఎఫ్ఐఆర్, అంటె ఏ స్టేషన్‌లనైనా రాసుకునే ఎఫ్ఐఆర్, అడగాలె, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 173లనే రాసి ఉన్నది.

కమలాపూర్_తమ్ముడు

సార్ అప్డేట్. ఇయ్యాల రిజిస్టర్ పోస్టుల ఒక కవర్ వచ్చింది, హైదరాబాద్‌ల ఒక వకీల్ దగ్గరికెళ్ళి. దుబాయ్ కోర్టు డిక్రీ ఉన్నది, 15 దినాల్ల కట్టకుంటె జిల్లా కోర్టుల అమలు పిటిషన్ వేస్తం అని ఉన్నది. డిక్రీ జిరాక్స్ పెట్టిండ్రు, అరబీల ఉన్నది, పక్కన ఇంగ్లీష్ అనువాదం. బావకైతె అక్కడి కోర్టు కాయితం ఎన్నడు అందలేదట.

నల్లకోటు_వరంగల్

ఇది ఆ వాట్సాప్ కాయితం లాంటిది కాదు, దీన్ని పట్టించుకోవాలె. కాని ఇది వకీల్ నోటీస్, కోర్టు నోటీస్ కాదు, దీంతోని ఎవరూ జప్తుకు రారు. కోర్టుల పిటిషన్ పడితె కోర్టు నుంచి నోటీస్ వస్తది, అప్పుడు సెక్షన్ 13 అభ్యంతరాలు పెట్టుకునే అవకాశం ఉంటది. ఆ నోటీసును మాత్రం తీసుకోకుంట వాపస్ పంపొద్దు, తీసుకోకపోయినా అందినట్టే లెక్క కడుతరు.

ఈ వకీల్ నోటీస్‌కు జవాబు ఇయ్యాలె, గడువు లోపల. బాకీ ఎంత అన్నది బ్యాంకు స్టేట్‌మెంట్‌తోని అడుగుదాం, అసలు ఎంత వడ్డీ ఎంత విడిగ. కడుత అన్న మనిషికి సెటిల్‌మెంట్ దారి ఎప్పుడు తెరిచే ఉంటది, కాని పైసలు బ్యాంకు పేరు మీదనే కట్టాలె, ఏజెంట్ ఖాతల ఒక్క రూపాయి వెయ్యొద్దు, క్లియరెన్స్ లెటర్ చేతికి వచ్చే షరతు ముందే రాసుకోవాలె. అక్కడ ట్రావెల్ బ్యాన్ ఉంటె తీపిస్తమని కూడ.

మెట్‌పల్లి_మల్లన్న

తమ్మీ, బావ పాస్‌పోర్టుల ఎగ్జిట్ స్టాంప్ ఉన్న పేజీ, వీసా క్యాన్సిల్ కాయితం జాగ్రత్త. కేసు వేసిన తేదీ నాటికి ఆయన దుబాయ్‌ల లేడు అంటె అక్కడి పాత రూమ్ అడ్రస్‌కు, పాత నంబర్‌కు పంపిన నోటీస్ ఆయనకు ఎట్ల అందుతది?

నల్లకోటు_వరంగల్

మల్లన్న పట్టుకున్నదే అసలు పాయింట్. డిక్రీల కేసు నంబర్ కింద దాఖలు తేదీ, నోటీస్ ఎట్ల పంపిండ్రు అన్నది రాసి ఉంటది. ఎస్ఎంఎస్, ఈమెయిల్ ద్వార కూడ అక్కడ నోటీస్ చెల్లుతది కాబట్టి బావ ఆ ఈమెయిల్ ఇప్పటికీ వాడుతుండా, ఆ తేదీల ఇన్‌బాక్స్‌ల ఏమన్న వచ్చిందా అన్నది నిజం చెప్పమను, వచ్చి ఉంటె వాదన వేరే తీరుగ పోతది. పాస్‌పోర్ట్, లోన్ అగ్రిమెంట్, జీతం ఆగినట్టు కంపెనీ కాయితాలు, ఇంటి పట్టా అన్ని పట్టుకో, ఈ కవర్ కూడ పారెయ్యకు, పోస్టు ముద్ర తేదీ కనవడాలె. బావను తోలుకొని సోమవారం పదిన్నరకు కోర్టు కాడికి రా, అక్కను కూడ తీస్కరా.

కమలాపూర్_తమ్ముడు

వస్తం సార్. ఈమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుచేసుకొని బావ ఇప్పుడే తెరుస్తుండు.